కబడ్డీ జాబితాలో పెదనాన్న పేరు

తప్పులు మీరూ చేసే ఉంటారు, కాదనను. కానీ యాభై ఎనిమిదేళ్ళ సొంత పెదనాన్నని, గంజి పెట్టిన పంచెతో సహా, కబడ్డీ కోర్టులో నిలబెట్టిన ఘనత మీలో ఎవరికైనా ఉందా? నాకుంది. అదీ చెయ్యి జారి కాదు, ముత్యాల్లాంటి దస్తూరీతో, కాయితం మీద రాసి మరీ చేశాను.

ఎనభైల్లో సంగతి. నేను నరసరావుపేటలో డిగ్రీ లెక్కల గ్రూపు చదువుతున్నాను. మాది మాచవరం దగ్గర పల్లె. ఎండాకాలం సెలవుల్లో గురజాల వైపు కుర్రాళ్ళు కొందరు కబడ్డీ పోటీలు పెట్టేవాళ్ళు. ముందటేడు ఒక ఊరివాళ్ళు క్వారీలో బండలు ఎత్తే ఏడుగుర్ని తెచ్చి దించారు. కూతకి వెళ్ళినవాడు వెళ్ళినట్టే, మళ్ళీ గీత ఇవతలికొస్తే ఒట్టు! మిగతా ఊళ్ళవాళ్ళు లబోదిబోమంటే, కమిటీవాళ్ళు ఆ ఏడు రెండు రూల్సు పెట్టారు.

మొదటిది: బరిలో దిగే ఏడుగురి బరువూ కలిపి నాలుగు వందల కిలోలు దాటకూడదు. అంటే మనిషికి సగటున యాభై ఏడు. ఒక బండోణ్ణి పెట్టుకుంటే, ఆ మేరకు బక్కోళ్ళని కలుపుకోవాలన్న మాట. రెండోది: ఆటకి ముందు పేర్లు రాసిన కాయితం ఇవ్వాలి. పైనుంచి మొదటి ఏడు పేర్లూ ఆడతాయి. ఎనిమిదోవాడు ఎగస్ట్రా, ఎవరికైనా దెబ్బ తగిలితేనే లోపలికి రావాలి. కాయితం ఇచ్చాక దేవుడు దిగొచ్చినా మార్చరు.

ఈ రూల్సు వినగానే ఊళ్ళో అందరూ నావైపు చూశారు. చూడరూ మరి? సగటు అనే మాటకి అర్థం తెలిసినవాణ్ణి ఊరు మొత్తానికీ నేనొక్కణ్ణే. వారం రోజులు మిరపకాయల కాటా మీద కుర్రాళ్ళని ఎక్కించి దించాను. మా వీరయ్య అని, క్వారీలో సమ్మెట కొట్టే కుర్రాడు, ఎనభై ఒక్క కిలోలు. వాడు కూతకెళ్తే ఇద్దర్ని భుజాన వేసుకొచ్చే రకం. వాడి బరువు సర్దటానికి మిగతా ఆరుగురినీ ఏరాను. ఆ ఆరుగురిలో నలభై ఆరు కిలోల నేనూ ఉన్నాను. నేను జట్టులో ఉన్నది ఆటకి కాదు, సగటుకి. మొత్తం మూడు వందల తొంభై తొమ్మిది! ఆ లెక్క చూసుకుని నాకు నేనే భుజం తట్టుకున్నాను.

సెమీఫైనల్ ఈపూరు వాళ్ళతో. మా ఊరు అంతదాకా రావటం అదే మొదలు. ఓడామా, మూటాముల్లె సర్దుకోవటమే. రెండు ట్రాక్టర్ల జనం వచ్చారు. మాకు బనీన్లు కొనిపెట్టిన మా పెదనాన్న పెద్దిరాజు ముందు వరసలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆ కుర్చీ చూసేసరికి నా వినయం పొంగింది. మనలో మాట, ఏ కాయితం మీదైనా పెద్దల పేరు పైన రాయకపోతే మా వైపు చెయ్యి ఆడదు. పెళ్ళి శుభలేఖ అయినా అంతే, నాటకం కరపత్రం అయినా అంతే. అంచేత పైన ‘శ్రీ పెద్దిరాజు గారు’ అని రాసి, కింద వయసు ప్రకారం మా ఏడుగురి పేర్లూ రాసి ఇచ్చేశాను. అందరికన్నా చిన్నవాడు వీరయ్య. చివరికి పోయాడు.

రిఫరీ ఈల వేసి చదివాడు. "ఒకటి, శ్రీ పెద్దిరాజు గారు!"

జనం చప్పట్లు కొట్టారు. పెదనాన్న లేచి దణ్ణం పెట్టి కూర్చున్నాడు. రిఫరీ ఆయన్నే చూస్తున్నాడు.

"కూర్చుంటే ఎట్టా బాబాయ్? కాటా ఎక్కండి."

"నేనెందుకయ్యా?"

"మీరేగా మొదటి ఆటగాడు!"

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు మతితోపాటు వీరయ్య కూడా పోయాడు. ఎనిమిదో పేరు వాడిదే కదా! రిఫరీ కాళ్ళావేళ్ళా పడ్డాను. "మర్యాద కోసం రాశానండీ!" "రూలు కోసం నేనూ చదివానయ్యా. ఏడుగురు దిగకపోతే మీరు ఓడినట్టే," అన్నాడాయన.

పెదనాన్న నా వైపు ఒక చూపు చూశాడు. ఆ చూపుకి పచ్చిమిర్చి ఎండుమిర్చి అయిపోతుంది. "ఏందిరా ఇది? దిగితే నా నడుం పోద్ది, దిగకపోతే ఊరి పరువు పోద్ది. దీనికేనంట్రా నిన్ను పేట పంపి చదివించింది?"

"పెదనాన్నా, దిగి ఒక్కసారి పడ్డట్టు పడు. దెబ్బ తగిలిందంటే వీరయ్య వస్తాడు."

"ఛీ! ఇంతమందిలో దొంగ దెబ్బలా? చస్తే చస్తా గానీ, ఉత్తినే పడను."

కాటా ఎక్కాడు. ఎనభై నాలుగు! మొత్తం నాలుగు వందల రెండు. రెండు కిలోలు ఎక్కువ! నేను కాటా దగ్గరికి ఉరికాను. "చెప్పులిప్పు పెదనాన్నా!" అవి మాచర్లలో కుట్టించిన కిర్రుచెప్పులు, జత కిలోన్నరకి తక్కువుండదు. తర్వాత ఇనప్పెట్టె తాళాల గుత్తి. ఇంకా ముల్లు బెత్తెడు అవతలే ఉంది. చుట్టల డబ్బా, వెండి మొలతాడు కూడా తీసి నా చేతిలో పెట్టాడు. ముల్లు సరిగ్గా ఎనభై రెండు మీదికొచ్చింది. మా జనం వేసిన ఈలలకి ట్రాక్టరు కింద పడుకున్న కుక్కలు లేచి పారిపోయాయి.

పంచె ఎగ్గట్టి మూలన నిలబడ్డాడు పెదనాన్న. ఈపూరు కుర్రాళ్ళు మంచివాళ్ళు, పెద్దాయన మీద చెయ్యెయ్యటానికి మొహమాటపడ్డారు. ఆయన్ని వదిలేసి మమ్మల్ని చావబాదారు. నేను మూడుసార్లు అవుటయ్యాను. అయినా మావాళ్ళు పళ్ళ బిగువున లాక్కొచ్చి, చివరికి లెక్క సమానం చేశారు. ఇక మిగిలింది ఒక్క కూత, అదీ ఈపూరు వాళ్ళది. వచ్చినవాడు ఒక్కణ్ణి ముట్టుకుని పోతే వాళ్ళు ఫైనల్‌కి, పట్టుకుంటే మేము.

వాళ్ళ కెప్టెన్ వచ్చాడు, తాచుపాములా ఉన్నాడు. ఇక మొహమాటం లేదు, నేరుగా పెదనాన్న మీదికే. "పారిపో పెదనాన్నా!" అని అరిచాను. ఆయన కదల్లేదు. నడుం పట్టేసిందిట, తర్వాత చెప్పాడు. వాడు వంగి, చెయ్యి చాపి పెదనాన్న పాదం ముట్టుకున్నాడు.

అంతే! కాళ్ళకి దణ్ణం పెట్టిన కుర్రాడు కనపడితే మా పెదనాన్నకి చేతులు వాటంతటవే లేస్తాయి. రెండు చేతులూ వాడి నెత్తిన పెట్టి, "చల్లగా ఉండు నాయనా! నిండు నూరేళ్ళు బతుకు! పెళ్ళయిందా?" అన్నాడు.

దీవెనంటే ఉత్త దీవెన కాదు, ఎనభై రెండు కిలోల దీవెన! వాడు లేవబోతాడు, ఈయన అదుముతాడు. "కబడ్డీ... కబడ్... క..." వాడి కూత ఆగింది, రిఫరీ ఈల మోగింది.

మైదానం దద్దరిల్లింది. వీరయ్య పెదనాన్నని భుజాన ఎత్తుకుని ట్రాక్టర్ల చుట్టూ తిప్పాడు. నేను ఆయన చెప్పులు నెత్తిన పెట్టుకుని వెనకాల పరిగెత్తాను. నా కళ్ళ వెంట నీళ్ళు. చెప్పుకోవటానికి సిగ్గేంది, అంత గర్వం మళ్ళీ నా పెళ్ళిలో కూడా కలగలేదు.

మర్నాడు ఫైనల్. కమిటీవాళ్ళు పొద్దున్నే మూడో రూలు అతికించారు: నలభై దాటినవాళ్ళు బరిలో దిగరాదు. పెదనాన్న అలిగి అన్నం మానేశాడు. వీరయ్య ఆడాడు, షీల్డు గెలిచాం. అయితే ఆ షీల్డు సంగతి ఇప్పుడు మా ఊళ్ళో ఎవరికీ గుర్తు లేదు. అందరూ చెప్పుకునేది ఆ దీవెన గురించే. పల్నాడులో షీల్డులు గెలిచినవాళ్ళు చానామంది. ఒక రూలు పుట్టించినవాణ్ణి మాత్రం నేనే!

అంచేత కొండవీటి కొండ వైపు తిరిగి ఇదే నా ప్రమాణం: ఈ జన్మలో ఏ కాయితం మీదా, ఆఖరికి శుభలేఖ మీదైనా సరే, పెద్దల్ని కాటా ఎక్కించకుండా వాళ్ళ పేరు పైన రాయను.