జీగెన్ షెడ్డులో అమెరికా బండి

శనివారం పొద్దున ఆరు గంటల పది నిమిషాలకు వోల్ఫ్స్‌బర్గ్ స్టేషన్లో రైలెక్కాం, నేనూ నా చెల్లెలి కొడుకు రవీ. పోయేది జీగెన్ అనే ఊరికి. అక్కడొక పెద్దాయన పాత అమెరికా కారును బాగుచేసి అమ్మకానికి పెట్టాడు. అరవైల చివర్లో తయారైన బండి. తలుపులు రెండే, ఇంజను మాత్రం లారీకి సరిపోయేంత. ఇట్లాంటివి నడపడానికి కాక దాచుకోవడానికి కొనేవాళ్ళు ఉంటారని ఈ దేశం వచ్చాకే తెలిసింది. ప్రకటన వాళ్ళ కోసమే. రేకంతా కంపెనీలో పుట్టిందే, ఒక్క ముక్క మార్చలేదని అందులో రాసి ఉందట.

నేను హైదరాబాదులో నలభై ఏళ్ళు డెంటింగ్ పని చేశాను, అంటే గుద్దుకున్న కార్ల రేకులు సరిచేయడం. కోడలి పురుడు చూడటానికి వస్తూ చెల్లెలు ఒక్కతే విమానం ఎక్కనంటే తోడు వచ్చాను. రవి కార్లకు సాఫ్ట్‌వేర్ రాసే ఉద్యోగి. ఈ రకం బండి మీద నాలుగేళ్ళుగా మనసు పెట్టుకున్నాడు. అతని భార్య స్వప్న ఒకటే షరతు పెట్టింది. మామయ్య చూసి సరేనంటే కొనుక్కో, కాదంటే ఈ మాట మళ్ళీ ఇంట్లో ఎత్తొద్దు అంది. అందుకని నన్ను వెంటబెట్టుకున్నాడు.

ఊరి నుంచి పనిముట్లేవీ తెచ్చుకోలేదు. ఫ్రిజ్ తలుపుకు అంటించిన అయస్కాంతం ఒకటి ఊడదీసి చేతిరుమాల్లో చుట్టుకున్నాను. బిల్డింగు పిల్లలు నేల మీద బొమ్మలు గీసుకునే లావు సుద్దలు మెట్ల కింద డబ్బాలో ఉంటే నీలంది ఒకటి జేబులో వేసుకున్నాను.

హనోవర్లో రైలు మారాం. పరుగెత్తాల్సి వచ్చింది. ముసలివాళ్ళతో పోయేవారు మధ్యలో అరగంట ఉండేట్టు టికెట్ తీసుకోవడం మంచిది. తొమ్మిది దాటాక హాగెన్. అక్కడ రెండు కాఫీలు, ఒక ఉప్పు రొట్టె కలిపి తొమ్మిది యూరోల పైనే అయ్యాయి. చెల్లెలు పులిహోర కట్టిస్తే రొట్టె ఎందుకని అడిగాను. రైల్లో డబ్బా తెరవడానికి రవికి సిగ్గు. చిన్న రైలు ఎక్కగానే నేనే తెరిచాను.

ఎదురు సీటులో కూర్చున్న అమ్మాయి ఫోన్లోంచి తలెత్తింది. "అంకుల్, అది పులిహోరేనా?" అంది. ఖమ్మం పిల్ల, జీగెన్లో ఇంజనీరింగ్ చదువుతోంది. సగం ఆమెకే పెట్టాను. పాత కారు చూడటానికి పోతున్నామంటే నవ్వి, తనకు సెకండ్ హ్యాండ్ సైకిల్ దొరకడానికే రెండు నెలలు పట్టిందని చెప్పింది. బస్సుకు ఎక్కడ నిలబడాలో ఆమే చెప్పింది.

హాగెన్ దాటాక రైలు ఏటి వెంబడే పోతుంది. కొండలు, సొరంగాలు, ఒడ్డున పాత ఇనుప కార్ఖానాలు. నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. ఇంగ్లీషువైతే నంబరు ప్లేట్ల మీద నేర్చినవే. అల్టేనా అన్న బోర్డు పూర్తిగా చదివాను. ఫిన్నెన్‌ట్రోప్ సగంలో ఉండగానే రైలు కదిలింది.

పదీ నలభైకి జీగెన్. అక్కడి నుంచి బస్సులో ఇరవై నిమిషాలు ఎగువకు పోవాలి. శనివారం గంటకొకటే బస్సు, అది చూసుకోవాలి. పదకొండుంపావుకు టెర్మిన్, అంటే ముందే అడిగి ఖాయం చేసుకున్న టైము. మూడు నిమిషాలు ముందే చేరాం.

పెద్దాయన పేరు యోహాన్. వయసు నా అంతే. రేకుల కార్ఖానాలో పనిచేసి రిటైరయ్యాడట. షెడ్డు మా ఇంటికంటే శుభ్రంగా ఉంది. బండికి గీత పడకూడదని రవి చేత గడియారం తీయించి, నా బెల్టు బకిల్‌కు గుడ్డ చుట్టించాడు. మాకంటే ముందే బండి చూడటానికి ఒకావిడ వచ్చి ఉంది. జార్‌బ్రూకెన్ నుంచి వచ్చిందట, ఇట్లాంటి బండ్లు ఇంటి దగ్గర నాలుగున్నాయట.

ముదురు ఆకుపచ్చ బండి. రంగులో మన మొహం చూసుకోవచ్చు. నేను ముందు నుంచి మొదలుపెట్టి వేలి కణుపుతో తడుతూ, రుమాల్లోని అయస్కాంతాన్ని ఆనిస్తూ వెనక్కి వచ్చాను. ఎడమ వెనక చక్రం పైన అరచేయంత మేర అయస్కాంతం పట్టు వదిలింది. తడితే చప్పుడు మొద్దుగా వచ్చింది. రంగు కింద గుంట పూడ్చే పుట్టీ ఉంటే అట్లాగే ఉంటుంది. మా షెడ్లలో లోపం దొరికిన చోట వెంటనే సుద్దతో చుట్టు గీస్తాం. లేకపోతే ఓనరుకు చెప్పేలోపు చోటు తప్పిపోతుంది. నా చెయ్యి అదే పని చేసింది. ఆకుపచ్చ మీద నీలం చుట్టు పడింది.

యోహాన్ మెడ ఎర్రబడింది.

"ఏం జేస్తివి మామా," అన్నాడు రవి గొంతు తగ్గించి.

"పుట్టీ ఉంది. ఆయనకు చెప్పు."

"గట్లెట్ల చెప్పాలె?"

"ఉన్నదున్నట్టు చెప్పు. షరతు పెట్టింది నీ పెండ్లామే గద."

చెప్పాడు. ఆవిడ సంచిలోంచి పెయింటు మందం కొలిచే చిన్న మిషన్ తీసి చుట్టు బయట ఒకసారి, లోపల ఒకసారి పెట్టింది. ఎన్నో రెట్లు ఎక్కువున్న లోపలి అంకె రవికి చూపించి, యోహాన్‌తో చెయ్యి కలిపి, వెళ్ళిపోయింది. బేరం వదులుకున్నట్టే.

ఆమె పోయాక డిక్కీ తెరవమన్నాను. లోపలి అట్ట జరిపి ఆ చోటుకు వెనక నుంచి చెయ్యి పెట్టాను. సుత్తి దెబ్బలు తగిలాయి. పెసర గింజల్లా, ఒకదాని పక్కన ఒకటి, ఒకే లోతు. అతుకు అంచున పుట్టీ లేదు, కరిగించి పూసిన సీసం ఉంది. పుట్టీ డబ్బాలు రాకముందు మా ఉస్తాద్ అట్లా చేసేవాడు. నేను నేర్చుకున్నాను గానీ రెండు బండ్లకు మించి చేయలేదు, ఓపిక లేక.

"రవీ, పుట్టీ కాదు. సీసం. నేను చెప్పింది తప్పని చెప్పు."

"అయినా ఒరిజినల్ అయితే కాదు గద మామా?"

"కాదు. తుప్పు పట్టింది కోసి కొత్త ముక్క ఏసిండు. నాకంటే మంచిగ ఏసిండు. అది గూడ చెప్పు."

యోహాన్ విని డిక్కీ అంచు మీద చేతులు ఆనించాడు. ఆ ఒక్క ముక్కకు ఒక చలికాలం పట్టిందట. ప్రకటన కూతురు రాసింది, తాను చూసి కూడా దిద్దలేదని ఒప్పుకున్నాడు. సుద్ద గీసినందుకు కాదు, పుట్టీ అన్నందుకు కోపం వచ్చిందన్నాడు. తానే మెత్తటి గుడ్డతో చుట్టు తుడిచి, లైటు పెట్టి చూశాడు. గీత పడలేదు.

తర్వాత అతనే ఒక మాట అన్నాడు. ఆ ముక్క తాను వేసిందేనని అమ్మకం కాగితంలో రాసిస్తాడట, ధర తగ్గిస్తాడట, కావాలంటే ఇవాళే ఇస్తాడట. రవి బండిలో కూర్చుని ఇంజను స్టార్ట్ చేశాడు. షెడ్డు కప్పు అదిరింది. రవి మొహం పదేళ్ళు చిన్నదైంది. ఇంజను ఆపాక ఆ మొహం మళ్ళీ మామూలైంది. ఆలోచించి చెప్తామన్నాడు. యోహాన్ తలూపాడు. బస్సుకు ఇంకా టైముంటే నన్ను పక్కకు పిలిచి తన సుత్తులు చూపించాడు. పిడులు బొటనవేలి దగ్గర అరిగి ఉన్నాయి. మా ఇద్దరికీ కలిసిన భాష లేదు. చూసి ఇచ్చేశాను.

తిరుగు రైలు రెండుంపావుకు. హాగెన్లో రైలు మారాం. ఆ తర్వాత రవే మొదలుపెట్టాడు.

"గుటాఖ్టెన్ చేసేటోడు, గదే బండి చూసి ఇలువ కట్టేటోడు, గా ముక్క సంగతి రిపోర్టుల రాస్తడు మామా. రేపు మళ్ల అమ్మితే ఎవడు కొంటడు?"

"ఇంకా కొననే లేదు, అప్పుడే అమ్ముతున్నవా?"

"నీకు తెల్వది. ఈడ బతుకంత పేపర్ల మీదనే నడుస్తది. నేను ఈ దేశంల ఉన్నది గూడ ఒక వీసా కార్డు మీదనే గద."

అది అబద్ధం కాదు. హనోవర్ దగ్గర స్వప్న ఫోన్ చేసింది. ఒరిజినల్ కాదంట, వద్దనుకుంటున్నా అన్నాడు రవి. మామయ్య ఏమన్నాడని ఆమె అడిగింది. ఫోన్ తీసుకున్నాను.

"బండి మంచిదే బిడ్డా," అన్నాను. "వీనికి బండి అక్కర లేదు."

ఆమె నవ్వింది. రవి కిటికీ వైపు తిరిగాడు. కాసేపటికి ఫోన్లో ఇంకో బండి బొమ్మ చూస్తున్నాడు, పసుపుపచ్చది. ఏడు గంటలకు వోల్ఫ్స్‌బర్గ్ చేరాం.

జీగెన్ దారి బాగుంటుంది, పోదలచినవారు పోవచ్చు. రైళ్ళు ఆలస్యం కాలేదు, మనుషులు మర్యాదగానే ఉన్నారు. యోహాన్ బండి అమ్ముడుపోలేదని మొన్న రవి చెప్పాడు. రేకు మార్చిన సంగతి దాచడం ఆయన తప్పు, దాన్ని బయటపెట్టడం నా పని. అందులో నాకు చింత లేదు. కానీ నలభై ఏళ్ళు లోపల చెయ్యి పెట్టి చూశాకే నోరు విప్పినవాణ్ణి, ఆ రోజు నోరు ముందు విప్పాను. చెయ్యి పెట్టేసరికి జార్‌బ్రూకెన్ ఆవిడ అది పుట్టీయేనని నమ్మి వెళ్ళిపోయింది.