రాజలింగు రిజిస్టరులో ఇరవై ‘తినలేదు’లు

“మీ సంరక్షణలోని జీవికి నలుబది దినములు ఆహారము ఇవ్వకుండుటకు కారణము తెలుపవలెను.”

నా దగ్గరున్న మెమో నకలులో మొదటి వాక్యమిది. ముప్పై నాలుగేళ్లు క్యాంపస్ గ్రంథాలయంలో పనిచేసి, ఎన్నో రకాల అధికార లేఖలు చూసిన నేను దీన్ని మూడుసార్లు చదివాను. మూడోసారి కూడా నమ్మలేకపోయాను. ఎందుకంటే ఆ మెమో రాజలింగుకు ఇచ్చారు.

రాజలింగు ఒక పరిశోధన విభాగంలో జంతువుల గది చూసుకుంటాడు. జనగామ దగ్గర పత్తి చేను వదిలి వచ్చి, మొదట కుందేళ్లకు గడ్డి కోశాడు. చదివింది ఏడో తరగతి. ఇరవై రెండేళ్లుగా ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు మీదే ఉన్నాడు. రోజూ మౌలాలి నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చి, తార్నాకలో మా ఇంటి ముందు ఆగి పాత పత్రికలు పట్టుకుపోతాడు. అవి బోనుల కింద పరచడానికి. పరిచే ముందు ప్రతి పేజీ తానూ చదువుతాడని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

కిందటి వానాకాలం కౌముది అనే పరిశోధకురాలు, తాను పెంచుకుంటున్న టరాంటులా పిల్లను అతనికి అప్పగించి మూడు నెలల పనిమీద అడవులకు వెళ్లింది. బొటనవేలంత, ఒళ్లంతా నూగున్న సాలీడు అది. రెండు రోజులకొకసారి ఒక కీచురాయిని డబ్బాలో వేసి, తినకపోతే తీసేసి, ఏం జరిగిందో రిజిస్టరులో రాయమని చెప్పింది.

కొన్నాళ్లు తిన్నది. తర్వాత మానేసింది. రాజలింగు ఆ మాటే రాశాడు: తేదీ, ‘తినలేదు’, సంతకం. వరసగా ఇరవై సార్లు. ‘తిన్నది’ అని రాసి ఉంటే, వెళ్లి సాలీడును అడిగేవాడెవడు?

“కౌముదమ్మకు ఫోన్ కలుస్తలేదు సార్,” అన్నాడు నాతో. “గని దాని పొట్ట నల్లగ మెరుస్తున్నది. కుబుసం ఇడిసే ముందట గిట్లనే ఒక్కపొద్దుంటదని ఆమె చెప్పే పోయింది.”

రెండు పుస్తకాలు తిరగేశాను. రెండింటిలోనూ ఆ మాటే ఉంది.

కానీ విభాగపు పరిపాలనాధికారి శశిభూషణ్ ‘తినలేదు’ అన్నచోటల్లా ‘పెట్టలేదు’ అని అర్థం చేసుకున్నాడు. ఆ మెమో ఇచ్చి, పొడిగింపు కాగితం ఆపేశాడు. విచారణ రోజున నేనూ తోడు వెళ్లాను.

డబ్బా మూత తీశారు. సాలీడు వెల్లకిలా పడి ఉంది. ఎనిమిది కాళ్లూ పైకి.

“చచ్చిందిగా! ఇంకేం చెప్తావయ్యా?” అన్నాడు శశిభూషణ్.

“సావలే సార్. సచ్చినదైతే కాళ్లు ముడుసుకుంటది. ఇది కుబుసం ఇడుస్తున్నది.”

“నాకే పాఠాలు చెప్తున్నావా? పొద్దున నేనే దగ్గరుండి పెద్ద కీచురాయిని వేయించాను. ముట్టనైనా ముట్టలేదు.”

రాజలింగు డబ్బా మీదికి వంగాడు. “అయ్యో సార్! గిప్పుడు దీని ఒళ్లు మెత్తగుంటది. గా పురుగే దీన్ని కొరుక్క తింటది!” పట్టకారు పెట్టి, డబ్బా మూలనున్న కీచురాయిని బయటికి లాగాడు.

అధికారి అప్పటికే ‘మృతి చెందినది’ అని రాసి కాగితం ముందుకు తోశాడు. “సంతకం పెట్టు. పెడితే పొడిగింపు సంగతి ఆలోచిస్తాను.”

నా చెవులను నేనే నమ్మలేదు. రాజలింగు కలం అందుకుని, మళ్లీ బల్లమీద పెట్టేశాడు.

“బతికున్నదాన్ని సచ్చిందని ఎట్ల రాయాలె సార్? పొద్దూకేదాక ఆగుండ్రి.”

శశిభూషణ్ తన గదికి వెళ్లిపోయాడు. నేనూ రాజలింగూ స్టూళ్ల మీద కూర్చున్నాం. రెండు గంటల తర్వాత దాని పైపెంకు మూతలా లేచింది. ఇరుకు చొక్కా చేతుల్లోంచి లాక్కున్నట్టు ఒక్కొక్క కాలూ బయటికి వచ్చింది. నాలుగింటికల్లా పాత తోలు పక్కన లేతరంగు సాలీడు ఒకటి కదులుతోంది. శశిభూషణ్‌ను పిలిచాం. వచ్చి రెండింటినీ మార్చి మార్చి చూశాడు.

“ఇందులో అసలుది ఏది?” అన్నాడు.

“కదులుతున్నది సార్,” అన్నాడు రాజలింగు, నవ్వకుండా.

మర్నాడే ఉత్తర్వు వచ్చింది. కాంట్రాక్టు ఏడాది పొడిగించారు. కింద ఒక షరతు: “ఇకపై జీవులు నిర్ణీత దినములందు తప్పక ఆహారము తినునట్లు చూడవలెను. ‘తినలేదు’ అను నమోదు పునరావృతమైనచో పొడిగింపు రద్దగును.” సాలీడు తినాలని ఉత్తర్వు! కింద ముద్ర, తేదీ, సంతకం!

“దీనిగ్గూడ ఒక కాపీ ఇయ్యాలె సార్,” అన్నాడు రాజలింగు, సాలీడు డబ్బా వైపు చూపిస్తూ.

మరో రెండు రోజులకు కీచురాయి వేసే వంతు వచ్చింది. కొత్త కోరలు గట్టిపడటానికి వారమైనా పడుతుందని నాకూ తెలుసు, అతనికీ తెలుసు. రాజలింగు పురుగును వదలకుండా పట్టకారుతోనే దగ్గరికి పెట్టాడు; సాలీడు వెనక్కి జరిగింది. అతను పురుగును తీసేసి, చేతులు కడుక్కుని, రిజిస్టరు తెరిచాడు.

“ఈ ఒక్కరోజుకి ఖాళీగా వదిలెయ్ రాజలింగూ,” అన్నాను.

అతను తలెత్తి చూశాడు.

“మీరేనా సార్ గీ మాట అంటున్నది?”

జీవితమంతా కాగితాలు భద్రం చేసిన నా నోట ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియలేదు.  అతను తేదీ వేశాడు. ‘తినలేదు’ అని గుండ్రటి అక్షరాలతో రాశాడు. కింద సంతకం పెట్టాడు.