సింహాచలం కాలు మీద వేసిన నింద

నడుం వంగక ముందు నేను మోసిన గేరుబాక్సులకు లెక్కలేదు. వాటి బరువేదీ ఇప్పుడు గుర్తులేదు. మిగిలిన బరువల్లా ఒక్క మాటది. డెబ్బైల చివర్లో ఒక మధ్యాహ్నం, నర్సీపట్నంలో, నా షెడ్డులో, నలుగురి ముందూ నా నోటితో నేనే అన్న మాట. మీకు నేనెవరో తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకు చెబుదామని ఎన్నోసార్లు నోరు తెరిచి, వానల గురించి మాట్లాడి ఊరుకున్నాను.

చింతపల్లి రోడ్డు మొదట్లో తాటాకు కప్పిన షెడ్డు నాది. ఏజెన్సీ కొండల నుంచి దిగే బళ్ళన్నీ అక్కడే ఆగేవి. పసుపు, చింతపండు, కొండచీపుర్లు, వాటి వాసనలోకి డీజిలు కంపు. చెబితే నవ్వుతారు గానీ, ఆ కలగలుపు వాసన కోసం ఇప్పటికీ ప్రాణం లాగుతుంది. పొద్దున్నే పొగమంచులోంచి వచ్చిన డ్రైవర్లు చేతులు రుద్దుకుంటూ నా షెడ్డు ముందు టీ తాగేవారు. నన్ను చెవి మేస్త్రి అనేవారు. బండి కింద దూరేముందు నేను వెనక తొట్టిలో పడుకుని, చెక్కకు చెవి ఆనించి, బండిని కాస్త దూరం నడిపించమనేవాణ్ణి. చప్పుడు ఎక్కడ పుడుతోందో చెప్పేసేవాణ్ణి. చాలాసార్లు నిజమే చెప్పాను. ఆ పేరంటే నాకెంత మురిపెమో! అసలు జబ్బంతా అక్కడే ఉంది.

సింహాచలం ఒక షావుకారు గారి పికప్ బండి నడిపేవాడు. ఏటికొప్పాక దగ్గర పల్లెవాడు. అద్దానికి అక్కడి లక్కబొమ్మ, ఒక ఎర్ర పిట్టను వేలాడదీసుకునేవాడు. నన్ను బావా అని పిలిచేవాడు, చుట్టరికమేమీ లేదు. సంత రోజున కొండవాళ్ళు వేరే బళ్ళలో కోడిగుడ్ల బుట్టను ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. సింహాచలం బండిలో మాత్రం కింద పెట్టేసేవారు. అతని కాలు అంత మెత్తనిది. గేరు పడిందని ఒంటికి తెలిసేది కాదు.

ఆ ఏడు దసరాకు ఒకరోజు ముందు ఆ బండి నా దగ్గరికొచ్చింది. ఇంజను తిప్పుడును వెనక చక్రాలకు అందించే పొడుగాటి ఇనప గొట్టం ఉంటుంది, జాయింటు షాఫ్టు అంటాం. దాని చివర కూడలిలా ఉండే ఇనప ముక్క, క్రాసు, అరిగిపోయింది. మార్చాలి. షావుకారు గారు మర్నాడు పొద్దున్నే బండికి పూలదండ వేసి పూజ చెయ్యాలి. షాఫ్టు రెండు ముక్కలుగా ఊడుతుంది. ఊడదీసే ముందు రెండు ముక్కల మీదా కలిసేలా ఉలితో ఒక గాటు పెట్టుకోవాలి. మళ్ళీ తొడిగేటప్పుడు గాటుకు గాటు కలవాలి. నాకు పని నేర్పినాయన మొదటిరోజే చెప్పిన పాఠం అది.

కానీ నా ఉలి అప్పటికే పూజలో ఉంది. నా భార్య పనిముట్లన్నీ కడిగి, బొట్లు పెట్టి, పటం ముందు పేర్చేసింది. నాలుగైదు స్పానర్లు మాత్రం ఈ పని కోసం ఆపుకున్నాను. పూజలో పెట్టిన పనిముట్టును మళ్ళీ ముట్టుకుంటామా? మా వాళ్ళెవరూ ముట్టుకోరు. పక్కనే కుంకం గిన్నె కనబడింది. వేలితో అద్ది, షాఫ్టు రెండు ముక్కలకూ ఎదురెదురుగా బొట్లు పెట్టాను. అమ్మవారి గుర్తే కదా అని నాలో నేను నవ్వుకున్నాను కూడా. తర్వాత అలవాటు ప్రకారం ముక్కల్ని కిరసనాయిల్లో కడిగాను. బొట్లు కడుక్కుపోయాయి. అయ్యో అనుకున్నాను. అనుకుని, ఉజ్జాయింపుగా తొడిగేశాను. ఇంట్లో పులిహోర వాసన వస్తోంది. పండగ తొందర.

పండగ వెళ్ళాక సింహాచలం వచ్చాడు.

"బావా, పండగ కాణ్ణించి బండి అదోలాగుంది. బరువేసి ఎత్తెక్కిత్తంటే ఎనకనుంచి ఒణుకొత్తంది. ఈ పిట్టని సూడు, గజగజలాడిపోతంది. ఏటైందో బేగి సూడు."

పసుపు బస్తాల మధ్య పడుకుని చెవి ఆనించాను. ఎత్తు మొదలవగానే వెనక ఇరుసు దగ్గర్నుంచి వణుకు నా దవడలోకొచ్చింది. షెడ్డుకు తిరిగొచ్చి కమాను పట్టీల బోల్టులు చూశాను. గట్టిగా ఉన్నాయి. ఇరుసు పెట్టెలో ఆయిలు చూశాను. సరిగ్గానే ఉంది. చక్రాలు లేపి ఊపి చూశాను. ఏమీ లేదు. చివరికి షాఫ్టు కింద వెల్లకిలా పడుకుని పైకి చూస్తే, రెండు చివర్ల క్రాసులూ ఒక వరసలో లేవు. ఒకటి అటు, ఒకటి ఇటు. వణుకు అక్కడిదే, గుర్తు లేకుండా ఉజ్జాయింపుగా తొడిగిన నా చేతిదే. మళ్ళీ ఊడదీసి తిప్పి తొడిగితే అయిపోయే పని. "తప్పు నాది" అంటే అయిపోయే మాట.

బండి కింద నుంచి బయటికొచ్చేసరికి షావుకారు గారు నిలబడి ఉన్నారు. చుట్టూ వేరే బళ్ళ డ్రైవర్లు.

"ఏటి మేస్త్రీ, జబ్బు బండికా, డ్రైవరుకా? పండగ ముందే కదా నువ్వు బాగు సేసేవు."

"బండికేటీ నేదు బాబూ. క్లచ్చు మీంచి కాలు తియ్యడంలో ఉంది."

అంత సులువుగా ఎలా వచ్చిందో ఆ మాట! ముందే అనుకున్నానా? లేదు. నా పేరు నిలబెట్టుకోవాలనుకున్నానా? అవును. సింహాచలం నాతో వాదిస్తాడనుకున్నాను. వాదిస్తే బాగుండేది, ఒప్పుకుని ఉండేవాణ్ణేమో. అతను వాదించలేదు. వంగి తన ఎడమ కాలి వంక చూసుకున్నాడు. "అలాగేటి బావా," అన్నాడు మెల్లగా.

ఆ వారమే అతన్ని మాన్పించేశారు. కొత్త డ్రైవరు ఎక్కే ముందు బండి నా దగ్గరికొచ్చింది. అందరూ భోజనాలకు వెళ్ళినప్పుడు షాఫ్టు విప్పి, సరిగ్గా తిప్పి, తొడిగేశాను. గ్రీజు పెట్టానని మాత్రం చెప్పాను. బండి నున్నగా కొండెక్కింది. వణికింది సింహాచలం కాలేనని ఊరంతా తేల్చేసింది. చెవి మేస్త్రికి ఇంకాస్త పేరొచ్చింది. ఆ పేరుతో తిన్న అన్నం ఎలా అరిగిందో నాకు తెలియదు.

చాలా ఏళ్ళకు, ఎనభైల చివర్లో, యలమంచిలి బజారులో ఎడ్లబండి మీద కనబడ్డాడు. బొమ్మలు చేసేవాళ్ళకు కర్ర తోలుతున్నాడట. నన్ను చూడగానే దిగొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. తనే టీ ఇప్పించాడు.

"డ్రైవింగు మానేసేవేటి?" అన్నాను. ఆ ప్రశ్న అడగడానికి నాకు సిగ్గుండాలి.

"బయమేసింది బావా. కొత్తోడెక్కగానే ఒణుకు ఆగిపోనాది కదా. మరి నా కాలే కదేటి? నువ్వు మొకమ్మీద సెప్పేసేవు, మంచిపనే సేసేవు. నేకపోతే ఏదో రోజు కొండ రోడ్లో బండిని జనంతో పాటు దొర్లించేద్దును." ఎద్దు వీపు నిమిరి నవ్వాడు. "ఈటికి క్లచ్చుండదు కదా, బెదురు నేదు."

నాకు దణ్ణం పెట్టినంత పని చేశాడు. నేను టీ ఊదుకుంటూ కూర్చున్నాను. చెప్పడానికి అంతకంటే మంచి చోటు, మంచి వేళ నాకు మళ్ళీ దొరకలేదు. దొరకదని అప్పుడే తెలుసు. అయినా వానల గురించి అడిగి, గ్లాసు పెట్టి లేచాను. ఉద్యోగం పోతే ఇంకోటి దొరికేది. నేను తీసేసింది ఉద్యోగాన్ని కాదు, తన కాలి మీద అతనికున్న నమ్మకాన్ని. అతనికి ఈ లోకంలో ఉన్న విద్య అదొక్కటే.

సింహాచలం ఇప్పుడు లేడు. ఎవరూ నన్ను క్షమించనక్కర్లేదు, క్షమించాల్సినవాడు పోయాడు. కానీ ఆ షెడ్డులో ఆ మధ్యాహ్నం అనాల్సిన మాట ఇంకా నా దగ్గరే ఉండిపోయింది. ఇన్నాళ్ళకు మీ ముందైనా అంటున్నాను. బాబూ, జబ్బు డ్రైవరుకు కాదు. షాఫ్టు తప్పుగా తొడిగింది నేను. సింహాచలం కాలు చాలా మంచిది.