ఆపిన జీపులో తిరిగిన ఫ్యాన్

సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి అపార్టుమెంటు కింద కారు ఆపగానే, కాగిన రబ్బరు పైపుల వాసన, రేడియేటర్ నీళ్ల తియ్యటి వాసన కలిసి ముక్కుకు తగులుతాయి. తాళం చేతిలోకి వచ్చేశాక, ఇక ఏదీ కదలకూడని ఆ నిశ్శబ్దంలో, బానెట్ కింద ఫ్యాన్ తనంతట తానే గుర్రుమంటుంది. వాచ్‌మన్ తలెత్తి కూడా చూడడు. నాకు మాత్రం వీపంతా చెమట.

నా చిన్నప్పుడు ప్రొద్దుటూరులో, జమ్మలమడుగు రోడ్డు మీద మా నాయనకు బండ్ల వైరింగు షాపు ఉండేది. వేసవి సెలవులన్నీ నాకు ఆ రేకుల కప్పు కిందే గడిచేవి. బ్యాటరీ యాసిడ్ ఘాటు, పక్క హోటల్లో బొరుగుల ఉగ్గాని మీద పిండే నిమ్మకాయ, మూకుట్లోంచి తీసిన మిరపకాయ బజ్జీలు, పులివెందుల నుంచి చీనీ బత్తాయిలు వేసుకుపోయే లారీలు వదిలే పుల్లటి గాలి, అన్నీ కలిసి ఒకే వాసనై నా గౌనుకు పట్టేవి. వైరు ముక్కలు అల్లి ఎర్రవి, పచ్చవి గాజులు చేసుకునేదాన్ని. వీధి పిల్లలమంతా పెద్దల ముఠా కక్షల్ని చూసి పార్టీ ఆట ఆడేవాళ్లం: మట్టి ఉండలు బాంబులు, ఓడినవాళ్లు ఊరు వదిలిపోవాలి. మా అమ్మ మిషన్ స్కూల్లో టీచరు; ఆ ఆట చూసినప్పుడల్లా నా చెవి మెలిపెట్టి లోపలికి లాక్కెళ్లేది. పెద్దవాళ్ల చెవి మెలిపెట్టేవాళ్లు మాత్రం జిల్లాలో ఎవరూ లేరు.

ఎవరి పెండ్లిలో భోంచేస్తే వాళ్ల మనిషివని లెక్కగట్టే ఏండ్లవి. నాయకుల జీపు రిపేరుకొస్తే దాని వెంట ఒక కాపలా మనిషి వచ్చేవాడు. స్టూలు వేసుకుని, మెకానిక్ చేతుల మీంచి చూపు తిప్పకుండా కూర్చునేవాడు. రిపేరు వంకతో అవతలి పార్టీవాళ్లు బండిలో ఏదైనా పెట్టిస్తారని భయం. అంతటి భయంలోనూ ఆకలి ఆకలే అనేది వాళ్లు ఒప్పుకోరు గానీ, నేను చూశాను.

ఒక వేసవిలో వచ్చింది, ఒక పార్టీని నడిపే పెద్దాయన జీపు. ఆయన పేరు మా ఇంట్లో ఎవరూ గట్టిగా పలికేవారు కాదు. పట్టగలిగినంతమంది మనుషులనెక్కించుకుని పల్లె దారుల్లో మెల్లగా పోయీపోయీ ఆ పాత ఇంజను అన్నం కుండలా మరిగిపోయేది. బెల్టుతో తిరిగే పాత ఫ్యాన్ తీసేసి, తుక్కుకు పోయిన ఏదో కారులోంచి తెచ్చిన కరెంటు ఫ్యాన్ బిగించాడు నాయన. నీళ్లు కాగితే దానంతటదే తిప్పే స్విచ్చొకటి రేడియేటర్‌కు పెట్టాడు. ఇంజను ఆపిన తర్వాతే వేడి ఇంకాస్త ఎగదన్నుతుందని, తాళంతో పని లేకుండా బ్యాటరీ నుంచే వైరు లాగాడు. చేసిన పని నోటితో చెప్పుకోవడం ఆయనకు నామోషీ. బండే చెప్పాలనేవాడు.

బండి చెప్పింది. పెద్దాయన జమ్మలమడుగు దాకా పోయి చూసి, షాపు ముందు దిగి, సోడా తాగుతున్నాడు. ఆపిన జీపులోంచి టక్‌మని చప్పుడు. వెంటనే గుర్రున శబ్దం. "బాంబు రా!" అని ఎవరో అరిచారు. మీసాలు మెలేసిన మగవాళ్లంతా మురిక్కాలవలో ఉన్నారు. శబ్దం ఆగాక లేచి వచ్చి నాయన గొంతు పట్టుకున్నారు.

"ఏమప్పా, ఏం పెట్టినావురా దాంట్లో?"

"ఫ్యానన్నా. వేడి తగ్గిందాకా తిరుగుతాది, అంతే."

కాపలా మనిషి బానెట్ ఎత్తి, దూరం నుంచే వేలు చూపించాడు. "నేనుండంగా ఆ వైరు వేయల్యా అన్నా. కొత్తగా ఉండాది."

పెద్దాయన మూతి తుడుచుకున్నాడు. గొంతు పెంచలేదు. "ఫ్యానే అంటాండావు గదా. మళ్లా కాగబెట్టి ఆపు. నువ్వు దాంట్లోనే కూకో. ఆ పాపను గూడా ఎక్కించుకో. తిరగకపోతే అప్పుడు మాట్లాడదాం."

నాయన చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. నన్ను ఎత్తి పక్కన కూర్చోబెట్టుకుని ఇంజను స్టార్ట్ చేశాడు. జనమంతా రోడ్డు అవతలికి పోయారు. వేడి చూపే ముల్లు మెల్లగా పైకి పాకింది, నా కాళ్ల కింద రేకు కాలింది. ముల్లు ఎర్ర గీత దగ్గరికొచ్చాక ఆయన తాళం తిప్పేశాడు. సరిగ్గా అప్పుడే, ఎండకు మాడిన ఊరంతా నెలల తరబడి ఎదురుచూసిన వానగాలి చల్లగా వచ్చి రేడియేటర్‌కు తగిలింది. ఆ గాలిని ఆపమని దేవుణ్ణి వేడుకున్న మనిషి రాయలసీమలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. రోడ్డవతల అందరూ ఫ్యాన్ తిరుగుతుందేమోనని వణుకుతున్నారు; నేను తిరగదేమోనని వణికాను. నా భుజం మీద నాయన చెయ్యి తడిగా, బరువుగా ఉంది.

టక్.

ఫ్యాన్ గుర్రుమంది. నాయన స్టీరింగ్ మీద తల వాల్చేశాడు. నేను దూకి, కాపలా మనిషి ఎదురుగా పోయి నిలబడ్డాను.

"మామా, నువ్వు బజ్జీలు తినేకి పోయింటివే, అప్పుడేసినాడు మా నాయన ఆ వైరు!"

పెద్దాయన నవ్వాడు. ఆయన నవ్వాడు కాబట్టి అందరూ నవ్వారు. ఆ మాటకు అమ్మ ఆ రోజు నన్ను కొట్టింది, తర్వాత గట్టిగా పట్టుకుని ఏడ్చింది.

"దానంతటదే తిరిగేది నాకొద్దు. నేను చెప్తేనే తిరగాల," అన్నాడు పెద్దాయన పోతూ. నాయన ఆ వైరు పీకి, డ్రైవరు చేతికందేలా స్విచ్చు పెట్టాడు. చెప్పకుండా స్విచ్చు వేసే ధైర్యం డ్రైవరుకు ఉండేది కాదు. వెనక కూర్చున్న పెద్దాయనకు ముల్లు కనపడేది కాదు. వానలు పడేలోపే పులివెందుల దారిలో ఆ ఇంజను మాడి కూర్చుంది. జిల్లా నడిచిన తీరూ అదే.

ఇప్పుడు ఆ షాపు స్థలంలో సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. రేకుల కప్పు లేదు, స్టూలు మీద కాపలా మనుషులు లేరు, ఉగ్గాని హోటలు లేదు, నాయన లేడు. మొన్న నా కూతురు కారు దిగి, నా వైపు తలుపు తీసి విసుక్కుంది: "దిగవేందిమా, ఇంకా కూకోనుండావు?"

"ఉండవే," అన్నాను. "ఇంకా తిరగలా."