హోటలువాళ్ళ తెల్ల చెప్పులు

నాకు చిన్నప్పటినుంచీ భయం ఎక్కువ. ఫోను వరసగా మోగితే ఎవరికో ఏదో అయిందనుకుంటాను. ఒకసారి మోగి ఆగిపోతే మరీ భయపడతాను. మా ఆయన ఇందుకు నన్ను ఆటపట్టిస్తూనే ఉంటారు. కాబట్టి రాజమండ్రి పాత ఊళ్ళో, ఒక ఖరీదైన హోటల్లో, నేనూ అమ్మా గడిపిన ఆ రాత్రి గురించి నేను చెప్పేదాంట్లో సగం నా పిరికితనమేనని ఎవరైనా కొట్టిపారేస్తే నేనేమీ అనను. మిగతా సగం మాత్రం నిజంగా జరిగింది.

నాన్న పోయి అప్పటికి నెల దాటింది. ఆయన నరసాపురం రేవులో పంటు నడిపేవారు. మనుషుల్నీ మోటారుసైకిళ్ళనీ ఆటోలనీ ఎక్కించుకుని గోదావరి దాటించే ఆ పంటు మీదే ఆయన జీవితమంతా గడిచింది. అలాంటి మనిషి నీళ్ళ మీద కాకుండా, ఇంట్లో మంచం మీద, మధ్యాహ్నం అన్నం తిని పడుకుని మళ్ళీ లేవలేదు. అమ్మ ఏడవలేదు. నన్ను మొదట భయపెట్టింది అదే. పెద్దకర్మ అయ్యి చుట్టాలంతా సంచులు సర్దుకుంటున్నప్పుడు, అమ్మ పొయ్యిగట్టు తుడుస్తూ, తనలో తను అనుకుంటున్నట్టుగా, "ఇంక నాకిక్కడ పనేముంది" అంది. ఆ మాట విన్నది నేనొక్కదాన్నే. ఆ రోజునుంచీ నాకు కంటిమీద కునుకు లేదు.

మా వైపు ఒక ఆచారం ఉంది. భర్త పోయిన ఆడమనిషిని ముందు పుట్టింటివాళ్ళు, తర్వాత కన్నపిల్లలు, ఒక్కో రాత్రి తీసుకెళ్ళి నిద్ర చేయిస్తారు. ఆ ఒక్క రాత్రి నిద్ర అయితేనే ఆవిడ ఆ తర్వాత వాళ్ళింటికి మామూలుగా రావచ్చు, పోవచ్చు. నిద్ర కాకపోతే ఏడాది దాకా ఆ గడప తొక్కకూడదంటారు. మామయ్య వంతు అయిపోయింది. ఇక మిగిలింది నేనే. నాకు ఆచారాల మీద పెద్ద పట్టింపు లేదు గానీ ఆ ఏడాది మాటే నన్ను పట్టుకుంది. అమ్మని తెచ్చి నా కళ్ళముందు పెట్టుకోవాలి. నరసాపురంలో, రేవుకి దగ్గర్లో, ఒంటరిగా ఏడాదిపాటు వదిలెయ్యడం నా వల్ల కాదు.

చిక్కల్లా రాజమండ్రిలో మేముండే ఇల్లు మాది కాకపోవడం. పై వాటాలో అద్దెకుంటున్నాం. కిందుండే ఇంటావిడ నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది.

"ఏమీ అనుకోకండమ్మా. శ్రావణంలో మా అమ్మాయి పెళ్ళి పెట్టుకున్నాం కదండీ, ఇంట్లో పసుపు కూడా దంచేశాం. ఆ శుభకార్యం కాస్తా అయిపోనివ్వండి, అమ్మగారిని ఎన్నాళ్ళైనా ఉంచుకుందురుగాని."

ఆవిడ చెడ్డమనిషి కాదు. ఆవిడ స్థానంలో ఉంటే నేనేం చేసేదాన్నో నాకే తెలియదు. అయినా ఆ రోజు మెట్లెక్కుతుంటే ఆ పసుపు వాసనకి నాకు ఒళ్ళు మండిపోయింది.

పెద్దమ్మకి ఫోన్ చేస్తే తేలిగ్గా చెప్పేసింది. "ఇల్లు కుదరకపోతే సత్రంలోనైనా పర్లేదే. నువ్వు పక్కనుండి పడుకోబెట్టావంటే నీ ఇంట్లో నిద్ర చేసినట్టే." అది విని మా ఆయన, "సత్రమెందుకు? మీ అమ్మగారు బతుకంతా చాపల మీదే పడుకున్నారు. ఒక్క రాత్రైనా మంచి చోట పడుకోనీ" అంటూ ఫోన్లో వెతికి ఒక హోటల్లో గది తీసేశారు. ఒకప్పుడు ఎవరో కలప వ్యాపారి కట్టించుకున్న మేడట. కొన్నేళ్ళ కిందటిదాకా పాడుబడి ఉన్నదాన్ని బాగుచేసి హోటల్ చేశారు. పాత వీధిలో, గోదావరి గట్టుకి ఆనుకుని ఉంటుందని ఆయన గొప్పగా చెప్పారు. గోదావరి అన్న మాట వినగానే నాకు వద్దనిపించింది. ఎందుకో ఆయనకి చెప్పలేకపోయాను. అమ్మ అన్న మాట పైకి చెబితే నిజమైపోతుందేమోనని భయం.

సాయంత్రం పిల్లల్ని మా ఆయనకి వదిలి, అమ్మ బస్సు దిగగానే ఆటోలో తీసుకెళ్ళాను. హోటలు గుమ్మంలో పట్టుచీర కట్టిన ఒక అమ్మాయి పళ్ళెంతో ఎదురొచ్చింది. అందులో కుంకుమ, రెండు మల్లెదండలు. వచ్చినవాళ్ళకి బొట్టుపెట్టి లోపలికి పిలవడం అక్కడి మర్యాదట. ఆ పిల్ల నవ్వుతూ వేలికి కుంకుమ అద్దుకుని అమ్మ నుదుటివైపు చెయ్యి చాపింది. అమ్మ ఒక్క అడుగు వెనక్కి వేసింది.

"నాకొద్దమ్మా, దీనికి పెట్టు" అంది నన్ను చూపించి.

ఆ పిల్ల అమ్మ మెడవైపు చూసి, అర్థమై, పాపం ఏడుపు ముఖం పెట్టింది. నాకు అక్కడినుంచి అటే వెనక్కి వెళ్ళిపోదామనిపించింది. ఇంతలో కౌంటర్లో కూర్చున్నాయన లేచి, "మేడమ్, మీకు రివర్ వ్యూ రూమ్ ఇస్తున్నామండి. ఎక్స్‌ట్రా ఏమీ లేదండి" అన్నాడు.

"వద్దండి, వీధివైపు గది ఇవ్వండి."

"వీధివైపు ఏముంటుందండీ, ఆటోల గోల తప్ప? అందరూ గోదావరి వైపే అడుగుతారండి."

"మాకొద్దండి."

ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. తీరా చూస్తే వీధివైపు గదులన్నీ నిండిపోయాయి. గోదావరి గదే మాకు రాసిపెట్టి ఉంది.

గది అందంగా ఉంది, కాదనను. టేకు పందిరిమంచం, ఇత్తడి పిడుల తలుపులు, మంచం మీద అమ్మ కూడా అల్లే మా నరసాపురం లేసుతో చేసిన దుప్పటి. గోడకి ఒక పాత వల, దాని పక్కన వార్నిష్ కొట్టిన తెడ్డు. బాల్కనీ తలుపు తీస్తే కిందే గోదావరి. వరద మొదలైన రోజులవి. ఎర్రనీళ్ళు రేవు మెట్లు సగందాకా మింగేసి, చప్పుడు లేకుండా, చాలా వేగంగా పోతున్నాయి. బాల్కనీ కమ్మీ నా నడుం ఎత్తు కూడా లేదు.

నేను వెంటనే తలుపు మూసి, తాళంవేసి, తాళంచెవి జాకెట్లో దోపుకున్నాను. తర్వాత బాత్రూంలోకి వెళ్ళాను. అక్కడ మనిషి పట్టేంత తొట్టి. దానికీ భయపడ్డాను. అద్దం దగ్గర సబ్బులతోపాటు గడ్డం గీసుకునే రేజరు పెట్టారు. అది తీసి హ్యాండ్‌బ్యాగులో పడేశాను. అమ్మ వెనకనుంచి చూడనే చూసింది.

"ఏంటే, వాళ్ళవి సంచిలో వేసుకుంటున్నావు?"

"ఊరికే ఇచ్చేవే అమ్మా. తీసుకోవచ్చు."

"ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు? ఎక్కడిదక్కడ పెట్టు."

పెట్టేదాకా ఊరుకోలేదు. నేను పెట్టినట్టే పెట్టి, ఆవిడ అటు తిరగ్గానే రేజరు మళ్ళీ తీశాను. గది సర్దే అతను వచ్చి అమ్మ రబ్బరు చెప్పులు బీరువాలో పెట్టి, మంచం పక్కన రెండు జతల తెల్ల గుడ్డచెప్పులు ఉంచి వెళ్ళాడు. "ఎవరు తొడుక్కున్నవో ఏంటో" అని అమ్మ వాటిని ముట్టుకోలేదు. వట్టికాళ్ళతోనే తిరిగింది.

భోజనం గదికే తెచ్చారు. అమ్మ పెరుగన్నం రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకుంది. లేసు దుప్పటి మడిచి కుర్చీలో పెట్టి, మంచం అంచున కూర్చుని, గోడమీద తెడ్డుకేసి చాలాసేపు చూసింది.

"పడవ లేకుండా తెడ్డుంచుకుని ఏం చేసుకుంటారే?" అంది.

"అలంకారానికమ్మా" అన్నాను.

నేను చిన్నగా ఉన్నప్పుడు, నాన్నకి క్యారేజీ ఇవ్వడానికి పంటు ఎక్కితే, నేను నీళ్ళలో పడిపోతానని అమ్మ తన కొంగు నా నడుముకి చుట్టి ముడేసేది. ఆ సంగతి గుర్తొచ్చి, దీపం తీసేశాక అమ్మ కొంగు పట్టుకుని పడుకున్నాను. ఏసీ చప్పుడులో అమ్మ ఊపిరి వినడానికి ప్రయత్నిస్తూ ఉన్నాను. నెలరోజుల నిద్ర ఎప్పుడు మీదపడిందో తెలియలేదు.

మెలకువ వచ్చేసరికి కిటికీ పరదా అంచున బూడిదరంగు వెలుగు. నా గుప్పిట్లో గుడ్డ ఉంది. హమ్మయ్య అనుకుని కళ్ళు మూసుకోబోయి, వేళ్ళకి తగిలింది చీర కాదని తెలుసుకున్నాను. అది లేసు దుప్పటి కొస. అమ్మ తన కొంగు విడిపించుకుని దాన్ని నా చేతిలో పెట్టింది.

మంచం అటువైపు దుప్పటి ముడత లేకుండా సర్ది ఉంది. దిండు మీద అమ్మ ఫోను. బాల్కనీ తలుపు తాళం వేసే ఉంది. అయినా తీసి కిందకి చూశాను. బాత్రూంలో చూశాను. బీరువా తీస్తే రబ్బరు చెప్పులు అక్కడే ఉన్నాయి. మంచం పక్కన తెల్ల చెప్పులు ఒక జతే ఉన్నాయి. మెట్లు ఎలా దిగానో తెలియదు.

గేటు దగ్గర వాచ్‌మేన్ కుర్చీలోంచి లేచాడు. "పెద్దావిడేనాండీ? చీకటుండగానే వెళ్ళారండి. స్నానానికేమో, రేవువైపు వెళ్ళారండి."

రేవు ఎంతో దూరం లేదు. ఆ కాస్త దూరంలో నేను అన్నీ చూసేశాను. మామయ్యకి ఫోన్ చేయడం, పడవలవాళ్ళు వెతకడం, జనం మూగడం, అందరూ నన్ను "నువ్వు పక్కనే ఉన్నావు కదే" అనడం. మెట్ల పైకి చేరేసరికి వాన తుంపర మొదలైంది. మనుషులెవరూ కనబడలేదు. నీళ్ళకి రెండు మెట్ల పైన, పక్కపక్కన, ముందుభాగం నీళ్ళవైపు పెట్టి, రెండు తెల్ల చెప్పులు ఉన్నాయి. వాటి కింద ఎర్రనీళ్ళు సుడులు తిరుగుతూ పోతున్నాయి.

అమ్మా అని అరిచాననుకున్నాను. ఆ మెట్టు మీదే కూలబడ్డాను. అలా ఎంతసేపున్నానో తెలియదు.

"ఏంటే, వట్టికాళ్ళతో పరిగెత్తుకొచ్చావు?"

వెనకనుంచి అమ్మ గొంతు. పైన గోడవారగా, దీపాలూ పూలూ అమ్మే ఆవిడ కట్టుకున్న ప్లాస్టిక్ పట్టా కింద, అమ్మ కూర్చుని చీర కుచ్చిళ్ళు పిండుకుంటోంది. నేను వెళ్ళి మీదపడి కొట్టినంత పని చేశాను. ఏడుస్తూ తిట్టాను. ఏమేం తిట్టానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

"చెప్పి వెళ్ళడానికేం?"

"నిద్రకొచ్చినోళ్ళు చెప్పి వెళ్ళకూడదే. తెల్లారకుండా, ఎవరినీ లేపకుండా వెళ్ళిపోవాలి. చెబితే ఆ కీడు నీకు చుట్టుకుంటుంది. మీ పెద్దమ్మ చెప్పలేదా?"

పెద్దమ్మ చెప్పింది. నేనే మర్చిపోయాను. ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. ఇంతేనా, ఆచారమా అనుకుని ఏడుపులోనే నవ్వాను. దీపాలావిడ కూడా నవ్వింది. నవ్వుతూ, తడిసిపోతుందని అమ్మ తలమీద చెయ్యి వేసి పట్టా కింద ఇంకాస్త లోపలికి లాగాను. అమ్మ జుట్టు పొడిగా ఉంది.

చీర నడుందాకా తడిసి ఉంది. గోదావరికొచ్చిన మనిషి మూడు మునకలు వెయ్యకుండా పైకి రాదు. నా నవ్వు ఆగిపోయింది.

"స్నానం చేశావా అమ్మా?"

"లేదు."

"మరి?"

అమ్మ నీళ్ళకేసి చూస్తూ చెప్పింది. "బస్సెక్కుదామనే బయల్దేరాను. కాళ్ళు ఇటొచ్చాయి. నడుందాకా దిగాను. లోతుకెళ్ళేకొద్దీ లాగుతోంది. మీ నాన్న పక్కనున్నట్టే ఉంది." కుచ్చిళ్ళు ఇంకోసారి పిండుకుంది. "అప్పుడు ఆ చెప్పులు గుర్తొచ్చాయే. చీకట్లో నావి కనబడక అవి తొడుక్కొచ్చాను. ఒకరి వస్తువు ఒడ్డున పారేసి ఎలా పోతాను? పాపం ఆ పనబ్బాయి మీదకొస్తుంది. ఇచ్చేసి వద్దామని పైకొచ్చాను. తడికాళ్ళతో తొడిగితే మరకలవుతాయని ఆరబెట్టుకుంటున్నాను."

దీపాలావిడ చెయ్యి పూలమీదే ఆగిపోయింది. నన్ను తలుచుకుని పైకి రాలేదు, మనవల్ని తలుచుకునీ రాలేదు. ఆ బాధ కూడా అప్పుడు పడలేదు, చాలా రోజుల తర్వాత పడ్డాను. అప్పుడు నాకున్నది భయం ఒక్కటే. ఇచ్చేసి వద్దామని అంది కదా. ఇచ్చేశాక?

అమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని నడిచింది. నేను రెండో చెయ్యి వదల్లేదు. అమ్మని గుమ్మం బయటే నిలబెట్టి, చెప్పులు నేనే తీసుకుని కౌంటరు దగ్గరికి వెళ్ళాను. ఆయన నవ్వుతూ, "అయ్యో, అవి మీరే ఉంచుకోవచ్చండి. ఒకసారి వాడాక మేమెలాగూ పారేస్తామండి" అన్నాడు.

వెనక్కి తిరిగి చూశాను. అమ్మ వీధికేసి చూస్తోంది, వినలేదు. "నెమ్మదిగా మాట్లాడండి" అన్నాను. ఆయనకి ఏమీ అర్థం కాలేదు. చెప్పులు బల్లమీద పెట్టి, బయటికొచ్చి, "చాలా జాగ్రత్తగా తెచ్చారని మెచ్చుకున్నాడమ్మా" అని చెప్పాను. సామాను సర్దుకుని బయల్దేరేటప్పుడు నా గొడుగు విప్పి ఆవిడ చేతిలో పెట్టాను.

"ఇది నాది కాదమ్మా, ఆఫీసులో ఒకావిడది. పోగొట్టకు. నాకు తిరిగి ఇచ్చెయ్యాలి."

ఇంటావిడ కూతురి పెళ్ళి అయ్యేదాకా అమ్మ మామయ్యగారింట్లో ఉంది. తర్వాత మా ఇంటికొచ్చి కొన్నాళ్ళుంది. డాక్టరుగారికి చూపించాం, మందులు వేసుకుంటోంది, అన్నం బాగానే తింటోంది. ఇప్పుడు మళ్ళీ నరసాపురంలోనే ఉంటానని పట్టుబట్టి వెళ్ళింది. కానీ నేను ఎప్పుడు వెళ్ళినా ఎవరిదో ఒకరిది ఏదో ఒక వస్తువు అక్కడ వదిలేసి వస్తాను. స్టీలు క్యారేజీ, పక్కింటివాళ్ళ దబ్బనం, ఇంటావిడ పట్టుచీర, లేసు అంచు కుట్టిపెట్టమని. అమ్మ ఒకటి తిరిగి ఇచ్చేలోగా ఇంకోటి చేర్చేస్తాను.

మొన్న ఫోన్ చేసి, "నువ్వు తెచ్చిన వస్తువులతో ఇల్లంతా నిండిపోయింది. ఈసారొచ్చినప్పుడు అన్నీ పట్టుకుపో" అంది.

"అన్నీ ఒకేసారి నేను మొయ్యలేనమ్మా" అన్నాను. "ఒక్కొక్కటే తీసుకుంటాలే."