మా బామ్మర్ది ఇవ్వడు, ఏటీ అనుకోకు

ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే మధ్యలో లేచి వెళ్ళిపోయే రకం నేను. భయపడి కాదు, విసుగొచ్చి. ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో పిల్లలకి లెక్కలు చెబుతాను. దెయ్యాలున్నాయని ఇప్పుడు కూడా అనను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే. రాయడానికి సిగ్గుగా ఉంది. ఆ సిగ్గు దెయ్యం గురించి కాదు.

మా బావ, అంటే మా అక్క భర్త, పోర్టులో క్రేన్ ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యాడు. పోయిన ఏడాది గుండెపోటుతో పోయాడు. అక్కకి డ్రైవింగ్ రాదు. కారు ఊరికే ఉంటే పాడైపోతుందని నన్ను వాడుకోమంది. అప్పటినుంచి అది నా దగ్గరే ఉంది. అక్కని ఎక్కడికైనా తీసుకెళ్ళాలంటే నేనే తీసుకెళ్తాను.

బావకీ నాకూ ఒక్క విషయంలో పడేది కాదు. ఎవరు ఏ చిన్న పని చేసినా చేతిలో ఎంతో కొంత పెట్టేవాడు. టైర్లకి గాలి కొట్టినవాడికి, గ్యాస్ బండ మోసుకొచ్చినవాడికి, లిఫ్టు బాగుచెయ్యడానికి వచ్చినవాడికి. నాకు ఒళ్ళు మండేది. జీతం తీసుకుంటున్నారు కదా, మళ్ళీ ఇదెందుకు, లేనిపోని అలవాటు చేస్తున్నావని అనేవాణ్ణి. బావ వాదించేవాడు కాదు. నీ లెక్క కరెక్టేరా అని నవ్వేసేవాడు. నేను గెలిచాననుకునేవాణ్ణి.

మొన్న వానాకాలంలో తగరపువలసలో చుట్టాల పెళ్ళికి అక్కని తీసుకెళ్ళాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక బయల్దేరాం. ఆనందపురం జంక్షన్ దాటగానే కారు ఆగిపోయింది. డాష్‌బోర్డు మీద ఒక్క లైటూ వెలగలేదు. హారన్ మోగలేదు. ఏసీ వేసుకుని వస్తున్నాం కాబట్టి నాలుగద్దాలూ మూసే ఉన్నాయి. ఈ సంగతి నాకు బాగా గుర్తు. ఉక్కపోస్తోందని అక్క అద్దం దించమంటే బటన్ ఎంత నొక్కినా దిగలేదు.

ఇన్సూరెన్సు వాళ్ళకి ఫోన్ చేస్తే టోయింగ్ బండి పంపిస్తామన్నారు. వెంటనే మెసేజ్ కూడా వచ్చింది. సర్వీసు ఉచితం, డ్రైవర్‌కి అదనంగా ఏమీ ఇవ్వనక్కర్లేదు అని ఉంది అందులో. నాకు హాయిగా అనిపించింది. అక్కకి కూడా చదివి వినిపించాను.

బండి వచ్చేసరికి వాన అందుకుంది. డ్రైవర్ పేరు ఖాదర్. యాభై దాటి ఉంటాయి. పక్కన సాయానికి ఎవరూ లేరు. రోడ్డు పక్క బురదలో మోకాళ్ళ మీద కూర్చుని కారుకి కొక్కెం తగిలించాడు. ఇనుప తాడుతో కారుని మెల్లగా బండి మీదికి లాక్కున్నాడు. చక్రాలకి బెల్టులు బిగించాడు. నేనూ అక్కా ఒక బడ్డీ కొట్టు పంచన నిలబడి చూశాం. అతను ముందుకెళ్ళి ఇంజను స్టార్ట్ చేస్తుంటే నేను పైకెక్కి, కారు డోర్లన్నీ లోపలి నుంచి లాక్ చేసి, చివరి డోర్‌కి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాను. కార్లో ఎవరూ లేరు. ఎవరైనా ఉండటానికి, వచ్చిందే మేమిద్దరం.

క్యాబిన్‌లో అక్క కూర్చునే చోటు తడిగా ఉందని ఖాదర్ తన తువ్వాలు పరిచాడు. దారంతా అక్క అతన్ని ఇంటి సంగతులు అడుగుతూనే ఉంది. పూర్ణా మార్కెట్ వెనక ఇల్లట, అన్నదమ్ములకి అక్కడే గాజుల కొట్టట. మధ్యలో కూర్చున్న నాకు ప్రతి మాటా వినిపించింది. బావ ప్రస్తావన మాత్రం రాలేదు.

కొమ్మాది దగ్గర బెల్టు వదులైనట్టుందని ఖాదర్ బండి పక్కకి ఆపి దిగాడు. ఎంతకీ రాలేదు. పక్క అద్దంలో చూశాను. పైకెక్కి, కారు వెనక డోర్ దగ్గర వంగి, ఏదో మాట్లాడుతున్నాడు. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఉంటాడనుకున్నాను. తిరిగొచ్చి బండి తీశాడు. ఒక్కసారి నాకేసి చూసి నవ్వాపుకున్నట్టు అనిపించింది.

మద్దిలపాలెం వైపు ఉన్న వర్క్‌షాపులో కారుని దించాడు. తాడు చుట్టేశాడు, బెల్టులు సర్దేశాడు, నా చేత ఫోన్‌లో సంతకం పెట్టించుకున్నాడు. పని అయిపోయింది. కానీ వెళ్ళలేదు. తడిసిన చొక్కాతో అక్కడే నిలబడ్డాడు.

ఎందుకు నిలబడ్డాడో నాకు తెలుసనుకున్నాను. ఫోన్ తీసి చెవి దగ్గర పెట్టుకుని, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు అటూ ఇటూ తిరిగాను. అవతల ఎవరూ లేరు. అక్క నా ఫోన్‌కేసి చూసింది, తర్వాత తల తిప్పేసుకుంది. ఖాదర్ ఇంకా అక్కడే ఉన్నాడు. ఇక నాకు చిరాకొచ్చింది.

"కంపెనీవాళ్ళు ఎగస్ట్రా ఏటీ ఇవ్వొద్దన్నారు బాబూ. మెసేజ్ కూడా ఉంది," అన్నాను.

మెకానిక్‌లు ఇటు తిరిగి చూశారు. ఖాదర్‌కి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక అతనే తలొంచుకున్నాడు.

"డబ్బులకి కాదు సార్. పెద్దాయన ఇందాకే ఇచ్చేసేరు. ఆయనింకా దిగలేదేటా అని సూత్తన్నాను. సెయ్యట్టుకుని దింపుదారని."

"ఏ పెద్దాయన?" అంది అక్క.

"మీతో ఒచ్చినాయనేనమ్మా. ఎనక సీట్లో కూకున్నారు కదా. బండి మీదున్న కార్లో మనుషులు ఉండకూడదండీ అని కొమ్మాది కాడ సెప్పేను. ముందర సోటు లేదు కదా, పర్లేదులే అన్నారు. అద్దం దించి డబ్బులు సేతిలో ఎట్టేరు."

నేను వెళ్ళి చూశాను. నాలుగు డోర్లూ వేసినవి వేసినట్టే ఉన్నాయి. లోపల ఎవరూ లేరు. కానీ ఎడమవైపు వెనక అద్దం జానెడు కిందికి దిగి ఉంది. ఆ పక్క సీటు వానకి తడిసిపోయింది. తాళం తీసి మెకానిక్‌ని పిలిచాను. బటన్ నొక్కి చూశాడు. అద్దం కదల్లేదు.

"కరెంటు లేకండా ఇది దిగదు సార్. మీరే ముందు దించుంటారు," అన్నాడు.

నేను దించలేదు.

"ఆయన దిగి లోపలికెళ్ళుంటార్లెండి," అన్నాడు ఖాదర్.

అక్క అతని దగ్గరికి వెళ్ళింది. "డబ్బులిచ్చినప్పుడు ఏటన్నారు?"

ఖాదర్ నాకేసి చూసి ఆగిపోయాడు.

"పర్లేదు, సెప్పు."

"మా బామ్మర్ది ఇవ్వడు, ఏటీ అనుకోకు, అన్నారమ్మా."

అక్కడ పాత టైర్లు పేర్చి ఉంటే అక్క వాటి మీద కూర్చుండిపోయింది. ఏడవలేదు. నన్ను దగ్గరికి రమ్మని నెమ్మదిగా చెప్పింది, కానీ అందరికీ వినబడింది.

"ఆ మాట మీ బావదేరా. హోటల్లో నువ్వు బిల్లు కట్టేసి బయటికెళ్ళిపోతే ఈయన ఎనకాల ఉండిపోయి ఇచ్చేవోరు. మీ ఇల్లు మారినప్పుడు సామాన్లు మోసినోళ్ళకీ అంతే. వోళ్ళకి ఇదే మాట సెప్పేవోరు. నీకు సెప్పొద్దనేవోరు. సిన్నబుచ్చుకుంటావని."

భయం వెయ్యలేదు. భయపడటానికి కూడా చోటు లేనంత సిగ్గు వేసింది. అన్నేళ్ళూ ఏ హోటల్ నుంచి బయటికొచ్చినా బావ చెప్పులు వెతుక్కుంటున్నాడనో, చేతులు కడుక్కుంటున్నాడనో అనుకుని కారు దగ్గర నిలబడి హారన్ కొట్టేవాణ్ణి.

అక్క మళ్ళీ ఖాదర్‌ని అడిగింది. "నా గురించేటైనా అడిగేరా?"

"లేదమ్మా. మీరు క్యాబిన్లో అటు తిరిగి కూకున్నారు కదా. ఆయన అటేపే సూత్తన్నారు."

ఆ డబ్బులు ఒకసారి చూపించమని అక్క అడిగింది. ఖాదర్ చొక్కా జేబులోంచి నోట్ల మడత తీశాడు. అన్నీ వానకి తడిసి ఒకదానికొకటి అంటుకుపోయాయి. వాటిలో పెద్దాయన ఇచ్చింది ఏదో తనకీ తెలీదన్నాడు. అక్క ఒక్కో నోటునీ విడదీసి, వేలితో తడిమి, మళ్ళీ మడతపెట్టి అతని చేతిలో పెట్టేసింది.

నేను పర్సు తీశాను. జీవితంలో ఎవరికీ ఇవ్వనంత తీసి అతనికి ఇవ్వబోయాను. తీసుకోలేదు.

"ఇచ్చేసేరు కదా సార్. ఒక్క పనికి రెండుసార్లు ఎలా తీసుకుంటాను?"

బండెక్కి వెళ్ళిపోయాడు. నేను ఆ నోట్లు పట్టుకుని మెకానిక్‌ల మధ్య అలాగే నిలబడ్డాను.

తర్వాత నాకు తోచిన కారణాలన్నీ వెతికాను. లోపల నీరు దిగి వైర్లు కలిసి అద్దం దానంతటదే దిగి ఉండొచ్చు. కొత్త బ్యాటరీ వేశాక అన్ని అద్దాలూ మామూలుగానే పనిచేశాయి. ఖాదర్ మమ్మల్ని ఆటపట్టించాడేమో అని కూడా అనుకున్నాను. అయితే బావ మాట అతనికి ఎలా తెలిసింది? ఇంట్లో అక్కకి తప్ప నాక్కూడా తెలియని మాట అది. కొన్నాళ్ళకి అతనికి ఫోన్ చేసి మళ్ళీ అడిగాను. అదే చెప్పాడు, ఒక్క మాట మారలేదు. ఫోన్ పెట్టేముందు, "పెద్దాయన బాగున్నారా సార్?" అన్నాడు. చనిపోయాడని చెప్పడానికి నోరు రాలేదు. బాగున్నారన్నాను.

ఆ వెనక సీట్లో ఎవరున్నారో, అసలు ఎవరైనా ఉన్నారో లేదో నేను చెప్పలేను. ఎంత ఆలోచించినా ఆ అద్దం దగ్గరా ఆ మాట దగ్గరా ఆగిపోతున్నాను. ఇప్పుడు నేను అందరికీ ఇస్తున్నాను. మంచివాణ్ణి అయిపోయి కాదు. నా తరఫున ఇంకెవరూ ఇవ్వాల్సిన అవసరం రాకూడదని.

అక్కకి మాత్రం ఇది నచ్చినట్టు లేదు. ఈమధ్య బ్యాంకు పని మీద ఇద్దరం వెళ్ళి, ద్వారకా నగర్‌లోనే ఒక హోటల్లో టిఫిన్ చేశాం. బిల్లు కట్టి, సర్వర్ కోసం జేబులో చెయ్యి పెట్టాను. అక్క నా చెయ్యి పట్టుకుంది.

"ఉండరా," అంది. "కాసేపు సూద్దాం."

జేబులోంచి చెయ్యి తీసేశాను. ఇద్దరం ఖాళీ ప్లేట్ల ముందు కూర్చున్నాం. సర్వర్ వచ్చి ప్లేట్లు తీసి, బల్ల తుడిచాడు. సీటు కోసం జనం మా వెనకే నిలబడ్డారు. వాళ్ళు మాకేసి చూస్తుంటే నేను తలెత్తలేకపోయాను. అక్క మాత్రం సర్వర్ ఎటు వెళ్తే అటే చూస్తూ కూర్చుంది. అతను వేరే బల్లల దగ్గర తిరిగాడు, వంటగదిలోకి వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. అతని దగ్గరికి ఎవరూ రాలేదు.

చివరికి అక్కే లేచింది. వెనక్కి చూడకుండా బయటికి నడిచింది. నేను సర్వర్ చేతిలో డబ్బులు పెట్టి వెళ్ళేసరికి మెట్ల మీద నిలబడి ఉంది.

"ఇచ్చేసేవా?" అంది.

"ఇచ్చేసేనక్కా."

"అయితే ఇంకెందుకొత్తారు," అని చీర కుచ్చిళ్ళు కొంచెం ఎత్తి పట్టుకుని మెట్లు దిగింది.