శవం లేని జనాజా

కడప మదర్సాలో ఆరేళ్లు చదివినందుకు కువైట్‌లో బ్నీద్ అల్ గార్‌లోని మా గదిలో నన్నే ఇమాముగా నిలబెట్టారు. ఎదురుగా ఇరానీ రొట్టెల దుకాణం. నాకన్నా పెద్దవాడైన దాని యజమాని కూడా తెల్లవారి నమాజుకు మా వరుసలోకే వచ్చేవాడు. ఆయనా సున్నీయే కానీ మజ్హబ్, అంటే ధర్మశాస్త్ర శాఖ, వేరు.

వాళ్ల ఇరాన్‌లో రాజు పారిపోయిన రోజు, పిండి రాలిన ఆ దుకాణం నేలమీదే ఇద్దరం నుదురు ఆనించి సజ్దాలో పడ్డాం. అల్లా న్యాయం భూమ్మీదికి దిగిందని నేను మనసారా నమ్మాను. తర్వాత రోజూ రేడియోలో కొత్త ప్రభుత్వం చేసే కాల్చివేతల వార్తలు. చచ్చినవాళ్లు దేవుని శత్రువులనీ, జాలిపడితే మన ఈమాన్, విశ్వాసం, తగ్గుతుందనీ గదిలో బోధించాను. ఆయన తలూపేవాడు.

రెండేళ్లకు ఆ ప్రభుత్వమే ఆయన తమ్ముణ్ణి గోడకు నిలబెట్టి కాల్చేసింది. బడిపంతులు. ఆ విప్లవం ఊరేగింపుల్లో ముందు నడిచినవాడే. ఇంటివాళ్లకు బట్టలిచ్చారు, శవాన్ని ఇవ్వలేదు. నా నమ్మకాన్ని తీసుకుపోయి ఆ గోడ దగ్గరే కాల్చినట్టనిపించింది.

తందూరులో రొట్టె అంటిస్తూనే ఆయన అడిగాడు, తమ్ముడికి జనాజా నమాజు, అంటే అంతిమ ప్రార్థన, చదివించమని. శవం లేకున్నా తమ మజ్హబ్‌లో చెల్లుతుందట.

గదిలో అడిగాను. రాయచోటి నుంచి నాతో వచ్చినాయన తల ఎత్తకుండా అన్నాడు: "మయ్యత్ ముందర లేకుంటే మనకు జనాజా లేదు గదా మౌలీసాబ్. నువ్వే చెప్పినావు. అక్కడ చచ్చినోళ్లను దేవుని శత్రువులన్న్యావు. ఇప్పుడెట్ల నిలబడేది? పోలీసులకు తెలిస్తే ఇఖామా ఖలాస్."

ఇక్కడ ఉండనిచ్చే ఆ ఇఖామా కాగితం పోతే నేనూ తిరిగి మా ఊరికి పోవాల్సిందే. దుకాణానికి వెళ్లి ఆయనకు మజ్హబ్ మాట మాత్రమే చెప్పాను. అది అబద్ధం కాదు.

"ఆ రోజు సజ్దా చేసేటప్పుడు మజ్హబ్ అడగలేదే, ముల్లా," అన్నాడాయన.

మర్నాడు వరుసలోకి ఆయన రాలేదు. నమాజు ముగించి రొట్టెల కోసం వెళ్లాను. లోపల తందూరు పక్కన మక్కా దిక్కుకు, కిబ్లా వైపు తిరిగి, పిండి చేతులు కట్టుకుని, ఒక్కడే నిలబడి ఉన్నాడు. వంగలేదు, సజ్దాకు పోలేదు. అవి లేనిది జనాజా నమాజొక్కటే; తెలిసిపోయింది. రొట్టెల గుడ్డ చంకలో పెట్టుకుని, చెప్పులు విప్పకుండా, అల్లాహు అక్బర్ అనే ఆఖరి, నాలుగో తక్బీర్ దాకా గడప బయటే నిలబడ్డాను.